చేతులు తీసిన చప్పుడు

కత్తి దించే ముందు "చేతులు!" అని కేక వెయ్యాలి. గుడ్డ పొరలు పట్టుకున్నవాళ్లు చటుక్కున చేతులు వెనక్కి లాక్కుని "తీశాం!" అనాలి. అప్పుడే కత్తి కదలాలి. బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టర్‌కి ఇది నేర్పింది బావ, అంటే అక్క మొగుడు. పని నేర్పిందీ ఆయనే.

ఇప్పుడు కంప్యూటర్ యంత్రం వచ్చింది; మీట నొక్కితే కత్తి దానంతటదే దిగుతుంది. బల్ల చుట్టూ ఉండే జనం తలో దారి పట్టారు. కంప్యూటర్ శిక్షణలో గట్టెక్కింది మాస్టర్ ఒక్కడే. బావకి ఆ తెర మీది గీతలు కొరుకుడు పడలేదు. బండి మీద సరుకులు చేరవేసే పనిలో చేరి, అప్పట్నుంచి బావమరిదికి మొహం చాటేశాడు. ఫోన్ చేస్తే అక్క ఎత్తి, "స్నానం చేస్తున్నార్రా" అంటుంది. ఎప్పుడు చేసినా స్నానమే! అన్నిసార్లు చేస్తే మనిషి అరిగిపోడూ?

మాస్టర్‌కి జీతం పెరిగింది, చక్రాల కుర్చీ వచ్చింది. మధ్యాహ్నం క్యారియర్ విప్పితే మూత చప్పుడు హాలంతా వినిపిస్తుంది. "ఏం కూరరా?" అని అడిగే నాథుడు లేడు. బావ ఒక్క మాట మాట్లాడితే చాలు, తిట్టినా సరే అనుకుంటాడు.

అయినా మీట నొక్కే ముందు కేక మాత్రం మానలేదు.

ఆ రోజు "చేతులు!" అన్నాడో లేదో, వెనకాల ధబ్బుమంది. గుమ్మంలో హెల్మెట్ పెట్టుకున్న మనిషి రెండు చేతులూ గుండెలకి హత్తుకుని నిలబడ్డాడు. కాళ్ల దగ్గర, మోసుకొచ్చిన పెట్టె జారిపడి పగిలి, దారపు రీళ్లు నలుమూలలకీ దొర్లుతున్నాయి.

"బావా!"

"నీ నోరు పడిపోను! ఎవరున్నారని ఇంకా అరుస్తున్నావురా?"

"అలవాటు బావా."

"నా చేతులకీ పోలేదు, పాడు అలవాటు," అని బావ నవ్వేశాడు.

ఇద్దరూ నేల మీద పాకుతూ రీళ్లు ఏరారు. బావ యంత్రం కేసి ఎగాదిగా చూశాడు. "చెప్పిన మాట వింటుందా?"

"వింటుంది. బదులు చెప్పదు. రేపు అన్నానికి రా బావా, ఇద్దరం తిందాం."

బావ జేబులో ఫోన్ కీచుమంది. "ఇది కూర్చోనిస్తే కదరా," అంటూ లేచి వెళ్లిపోయాడు.

మాస్టర్ తెర ముందు కూర్చున్నాడు. మెట్లు దిగుతున్న మనిషికి వినపడేలా అరిచాడు. "చేతులు!"

"తీశాన్రా!" అని కింద నుంచి వినిపించింది. ఆ వెంటనే బండి స్టార్టయింది.

ఆ చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా మాస్టర్ మీట నొక్కలేదు.