వెనక్కొచ్చిన ఇనప గుండు

ఎదురింటావిడ దర్జీ భార్యతో అన్నదట. దర్జీ భార్య మెట్ల మీద ఎదురుపడి ఇంటావిడ చెవిన వేసింది. మీ ఆయన చేసిన పని ఒకటి నిన్న సాయంత్రం వెనక్కొచ్చిందట, ఆయన పనిచేసే షెడ్డు పక్కన టైర్ల కొట్టున్న ఎదురింటాయన లారీలోంచి దింపుతుంటే కళ్లారా చూశాడట. ఇంటికి చేరేలోగా ఆ ముక్కకి చిలవలు పలవలు మొలిచాయి. ఆయనకి చూపు మందగించిందనీ, చెయ్యి వణుకుతోందనీ, ఈ నెలతో ఇంట్లో కూర్చోబెడతారనీ.

ఇంటావిడ అదంతా మూటగట్టి తెచ్చి, ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటున్న భర్త ముందు విప్పింది. ఆయన పై గుండీ కింది కాజాలో దూర్చాడు. విప్పి మళ్లీ అక్కడే దూర్చాడు.

"ఏది వెనక్కొచ్చింది?"

"నాకేం తెలుసండీ. ఏదో గుండట."

"ఆ గుండు వెనక్కి రావడానికి దాన్లో ఏముందే? ఉన్నదంతా తీసేశాను కదా."

చెప్పుల్లో కాళ్లు పెడుతూ, తప్పేంటో కనుక్కుని వస్తానన్నాడు. క్యారియర్ మర్చిపోతే ఆవిడ మెట్ల దాకా వెళ్లి చేతికిచ్చింది.

ముప్పై నాలుగేళ్లుగా ఆయన పని ఇనుముకి రంధ్రాలు వెయ్యడం. షెడ్డులో పేరుపెట్టి పిలిచినవాడు లేడు, అందరికీ బెజ్జాల మావయ్యే. ఎవరో గీసిన కాగితం వస్తుంది. ఎక్కడ వెయ్యాలో, ఎంత లావో, ఎంత లోతో అందులో ఉంటుంది. వేసి పక్కన పెడతాడు. ఆ రంధ్రంలో ఏం దూరుతుందో, ఆ ఇనుము ఏ ఊరు పోతుందో అడగడు. మిషను పిడి లాగీ లాగీ కుడి భుజం రెండంగుళాలు కిందికి జారింది. అరచేతుల గీతల్లో నల్లటి రజను ఎంత రుద్దినా పోదు, ఆ చేతుల్తో ముట్టుకున్న తువ్వాలుని భార్య వేరే కొక్కేనికి తగిలిస్తుంది. కుడి చెవి సగమే వినిపిస్తుంది. తన గురించి తాను చెప్పుకున్నది ఏదీ లేదు గానీ, బెజ్జాల మావయ్య చేసింది వెనక్కి రాదని ఎవరన్నా అంటే మాత్రం, కళ్లజోడు తీసి అక్కర్లేకపోయినా తుడుచుకునేవాడు.

ఆ గుండు కిందటి నెల వచ్చింది. పాత భవనాలు కూల్చేటప్పుడు క్రేనుకి వేలాడదీసి గోడల్ని బాదే గుండు అది. లోపలా బయటా ఒకటే ఇనుము, నాలుగు క్వింటాళ్లు. ఒళ్లంతా సొట్టలు, సొట్టల్లో ఇంకా ఎర్రటి ఇటుక పొడి. తెచ్చినావిడ పాత ఇనుముతో శిల్పాలు చేస్తుంది, షెడ్డులోవాళ్లకి బొమ్మల మేడమ్. కొత్త భవనం లోపలి హాల్లో దీన్ని తీగకి వేలాడదియ్యాలట. కప్పు క్వింటాకి మించి మొయ్యదట. అందుకని లోపలిదంతా తోడెయ్యాలి, పైన ఒక్క సొట్ట కూడా చెరగకూడదు.

గోడలు కూల్చేదాన్ని తెచ్చి ఇంటి కప్పుకి వేలాడదియ్యడమేంటని ఆయన నోరు తెరిచి అడిగాడు. ఆవిడ ఓపిగ్గా, చేతులు తిప్పుతూ చాలాసేపు చెప్పింది. అందులో ఆయనకి అర్థమైంది 'బాబాయ్' అన్న పిలుపొక్కటే. బరువు కనపడాలి గానీ ఉండకూడదట. అలాంటప్పుడు అట్టతో చేసి రంగేసుకోవచ్చు కదా అనబోతుంటే షెడ్డు ఓనరు కాలు తొక్కాడు.

పద్దెనిమిది రోజులు పట్టింది. అడుగున జానెడు రంధ్రం పెట్టి, వంపు తిరిగిన కత్తిని లోపలికి పంపి, గుమ్మడికాయలో గుజ్జు తీసినట్టు కొంచెం కొంచెంగా గీకాడు. బొటనవేలి మందాన గోడ మిగిలింది. తూస్తే ఎనభై అయిదు కిలోలు. మర మూత బిగించి అరగదీశాక, అతుకు ఎక్కడుందో ఆయన గోటికే దొరకలేదు.

ఇప్పుడది షెడ్డు మధ్య గోనెపట్టాల మీద కూర్చుని ఉంది. బొమ్మల మేడమ్ పక్కనే ఉంది. ఆయన పలకరించకుండానే కొలత పరికరాలు తెచ్చి, మోకాళ్ల మీద కూర్చుని అరగంట కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

"తప్పెక్కడమ్మా?"

"తప్పేం లేదు బాబాయ్."

"లేకపోతే ఎందుకొచ్చింది?"

ఆవిడ వేలి కణుపుతో గుండు మీద కొట్టింది. ఖాళీ బిందెలా ఖంగుమని మోగింది. హాల్లోకి వచ్చినవాళ్లందరూ ఊరికే ఉండక కొట్టి చూస్తున్నారట, మోగగానే నవ్వేసి వెళ్లిపోతున్నారట.

"మోగకూడదని మీరు చెప్పలేదు కదా."

"చెప్పలేదు. నాకూ తట్టలేదు."

"మరి తప్పు నాదా, మీదా?"

ఆవిడ ఓనరు వైపు చూసింది. ఏదో ఒకటి చెయ్యి మావయ్యా అని ఓనరు లోపలికి వెళ్లిపోయాడు.

తప్పు లేదు. కానీ పని వెనక్కొచ్చింది. ఈ రెండూ ఒక తలలో ఎలా ఇముడుతాయో ఆయనకి అంతుపట్టలేదు. కన్ను పొరపడితే జోడు మార్చుకోవచ్చు, చెయ్యి తప్పితే మళ్లీ చెయ్యొచ్చు. కొలతకి దొరకని తప్పుని ఏం పెట్టి పట్టుకోవాలి? ఎడమ చెవి ఆనించి గుండుని కొడుతూ, వింటూ, మళ్లీ కొడుతూ మధ్యాహ్నం దాకా దాని చుట్టూ తిరిగాడు. వెల్డరు చూసి, ఎంత కొట్టినా లోపల తలుపు తీసేవాళ్లు లేరు గానీ రా మావయ్యా తిందాం అన్నాడు.

తింటూ తింటూ ఆగిపోయాడు. ఎప్పుడో ఆయన మిషను మీది పొడుగు గొట్టం కోత పడ్డప్పుడల్లా కీచుమనేది. ఎవరూ చెప్పకుండానే దాని కడుపులో తారు, ఇనప రజను కలిపి పోశాడు. ఆనాటినుంచి కిక్కురుమనలేదు.

చెయ్యి కడుక్కుని మూత ఊడదీశాడు. మిషను కింద రేకులో, ఈ గుండులోంచి తీసిన రజనే ఇంకా ఉంది. తారు కాచి అందులో కలిపాడు. తూచి పదమూడు కిలోలు పోశాడు, కప్పు మొయ్యాలి కదా. ఇద్దర్ని సాయం పిలిచి, తారు లోపలంతా పట్టేలా గుండుని నెమ్మదిగా దొర్లించాడు. చల్లారాక మూత బిగించి, మళ్లీ అరగదీశాడు.

మేడమ్ కొట్టింది. ధబ్. ఇంకోసారి కొట్టింది. గోడని కొట్టినట్టే ఉంది. ఆవిడ మొహం విప్పారింది.

"నాలుగు క్వింటాళ్లూ ఉన్నట్టే ఉంది బాబాయ్."

ఆయన చేతులు పాత గుడ్డకి తుడుచుకున్నాడు. "అమ్మా, తీసిందాన్నే మళ్లీ పోశాను. అప్పుడు తియ్యడం తప్పా, ఇప్పుడు పొయ్యడం తప్పా?"

అంతలో ఆవిడ ఫోను మోగింది. ఒక్క నిమిషం అన్నట్టు చెయ్యెత్తి గేటు దాకా నడిచింది. లారీ రివర్సులో షెడ్డులోకి వచ్చింది. గొలుసు కప్పీతో గుండుని ఎక్కించారు. ఆయన అక్కడే నిలబడ్డాడు. ఆవిడ మాట్లాడుతూనే ముందు సీట్లో కూర్చుని, కిటికీలోంచి నవ్వుతూ చెయ్యూపింది.

తప్పెవరిదంటావు అని వెల్డర్ని అడిగాడు. అయిపోయిందిగా మావయ్యా, ఇంకా దాన్నే పట్టుకు కూర్చుంటే ఎలా అన్నాడు వాడు.

అయిదింటికి కుళాయి దగ్గరికి వెళ్లాడు. సబ్బు రుద్దుకుని, కుళాయి విప్పి, ఏదో గుర్తొచ్చినట్టు పక్కనున్న గట్టు మీద కూర్చున్నాడు. ఆయన ఆలోచనలో పడ్డాడనుకున్నాడు వెల్డరు. నీళ్లు వృథా పోతున్నాయని కట్టెయ్యడానికి వచ్చాడు. మావయ్య చేతుల మీద నురగ ఆరిపోయి ఉంది.

వెలుతురుండగానే ఓనరు వ్యానులో శవాన్ని ఇంటికి తెచ్చారు. ఒంటి గది ఇల్లు. వచ్చినవాళ్లు మెట్ల మీదే నిలబడ్డారు. కబురు విని బొమ్మల మేడమ్ కూడా వచ్చింది, గుమ్మం పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. ఏదో ఒకటి అనకపోతే బాగుండదని ఓనరు గొంతు సవరించుకున్నాడు.

"ముప్పై నాలుగేళ్లమ్మా. ఆయన చేతి పని ఒక్కటంటే ఒక్కటి వెనక్కి రాలేదు."

మెట్ల మీదివాళ్లు తలలూపారు. ఇంటావిడకి ఇంకా ఏడుపు రాలేదు. తలెత్తి అతని వైపూ, గోడ పక్కనున్న ఆవిడ వైపూ చూసింది.

"వచ్చింది. తప్పేంటో కనుక్కుని వస్తానని వెళ్లారు. మీలో ఎవరన్నా చెప్పారా?"