ఆడబడుచు కోరిన ఖాడీ

కమిటీ వాళ్ళ ముందు ఏం మాట్లాడాలో సింధూరి జాలరిపేట వాళ్ళకి వారం రోజులుగా నూరిపోసింది. ఖాడీ ఎవరిదంటే మాదే అనాలి. వేట ఎవరు ఆపారంటే మేమే అనాలి. కాపలా ఎవరంటే అదీ మేమే. చిన్నపిల్లలకి ఎక్కాలు చెప్పినట్టు చెప్పింది. అన్నీ చెప్పిందిగానీ అన్నం సంగతి చెప్పడం మరిచిపోయింది. అక్కడే కొంప మునిగింది.

సింధూరి పోర్ట్ బ్లెయిర్ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్. అడవినీ సముద్రాన్నీ ఊరివాళ్ళే ఎలా కాపాడుకోవచ్చన్న విషయం మీద డాక్టరేట్ చేసింది. తన ఉద్యోగాన్ని తాను కాపాడుకోవడం ఎలాగో మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఏటా కాంట్రాక్టు పొడిగించమని ఆఫీసు గుమ్మాల ముందు నిలబడీ నిలబడీ ఆమెకి విసుగు పుట్టింది. ఈసారి లెక్క తేలిపోతుంది. ఖాడీ ప్రాజెక్టు బాగుందని కాలేజీ వేసిన కమిటీ రాస్తే పర్మనెంటు, లేదంటే ఇంటికి.

ఆ ఖాడీ బ్రూక్షాబాద్ దాటాక, మడచెట్ల మధ్యకి సముద్రం చొచ్చుకొచ్చిన పాయ. చేపలు అక్కడే గుడ్లు పెట్టి పెరుగుతాయి. దాని ఒడ్డునున్న పేటలోనే సింధూరి తండ్రి పుట్టాడు. సర్కారీ నౌకరీ వచ్చాక గరాచర్మలో ఇల్లు కట్టుకున్నాడు. మేనత్త గవరమ్మ, ఆమె మొగుడు గురునాథం పేటలోనే ఉండిపోయారు. గురునాథం మాటంటే పేటలో అందరికీ గురి.

పేటలో ఒక ఆచారం ఉంది. గంగమ్మ పండగనాడు ఊరి ఆడబడుచు చేత పడవలకి బొట్టు పెట్టించి, ఏం కావాలో కోరుకోమంటారు. కోరింది కాదంటే ఆ ఏడు వల పండదట. అందరూ చీర కోరుకుంటారు. మూడేళ్ళ కింద సింధూరి వంతు వచ్చింది. ‘ఖాడీలో వేట మానెయ్యండి’ అంది.

జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. గురునాథం గొంతు సవరించుకుని, “సరే, మన బేటీ అడిగింది, ఇచ్చీసినాం” అన్నాడు. కాలేజీ పంపిన, నీళ్ళ మీద తేలే ఎర్ర బోయాలు తాడుకి గుచ్చి ఖాడీ మూతికి అడ్డంగా కట్టేశారు. సింధూరి తన వ్యాసంలో దాన్ని గ్రామస్థుల సమష్టి నిర్ణయం అని రాసుకుంది. రాస్తున్నప్పుడు అది తన కోరికేనని గుర్తొచ్చిన మాట నిజమే. అయినా రాసేసింది.

ఇక కమిటీ వచ్చిన రోజు. ముగ్గురు వచ్చారు. అంతకుముందు రెండు రోజులూ తుఫాను హెచ్చరిక, పడవలేవీ సముద్రం మీదికి వెళ్ళలేదు. పేట వాళ్ళు ప్రశ్నలకి అక్షరం పొల్లుపోకుండా జవాబులు చెప్పారు. సింధూరికి గుండె బరువు దిగింది. అప్పుడు గవరమ్మ అరిటాకులు పరిచింది. పండుగప్ప పులుసు, పండుగప్ప వేపుడు. ఒక్కో ముక్క అరచెయ్యంత.

చైర్మన్‌గారు రెండోసారి వడ్డించుకుని, వేళ్ళు నాకుతూ హిందీలో అడిగారు. “ఇంత మంచి చేప ఎక్కడ దొరికింది?”

గురునాథం ఛాతీ విరుచుకున్నాడు. “సాబ్, యే హమారా బంద్ వాలా ఖాడీ కా హై! బయట దరియా బాగోలేదు గదా, పొద్దున్నే ఒక్క వలేసినాం. దేఖియే, కిత్నా బడా హో గయా!”

తెలుగులో అని ఉంటే సింధూరి తర్జుమాలో ఎక్కడో ముంచేసేది. మూసిన ఖాడీ చేపేనన్న అసలు మాట హిందీలో అనేశాడు మహానుభావుడు. సింధూరి నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

కమిటీ చేతులు కడుక్కునే దాకా ఆగి, అత్తని వంటపాక వెనక్కి లాక్కెళ్ళింది. “మూసిన ఖాడీలో ఎవరు పట్టమన్నారత్తా? బజార్లో చేప లేదా?”

గవరమ్మకి నిజంగానే అర్థం కాలేదు. “బజార్లోది ఐసులో ఎట్టిన మంచు చేప గదే. ఇంటికొచ్చినోళ్ళకి మంచు చేపెడతామేటి? నీ నౌకరీ ఇచ్చేటోళ్ళకి? నువ్వు సెప్పినట్టే చేపలు పెరిగినాయని సూపించినాం గదా. తప్పేటి?”

తప్పేమిటో ఆమెకి చెప్పేసరికి తెల్లారేలా ఉంది. సింధూరి తల పట్టుకుంది.

జీపు దగ్గర చైర్మన్ గొంతు తగ్గించారు. మనిషి చెడ్డవాడేం కాదు, తిన్న ఉప్పు మరిచే రకమూ కాదు. “ఒక పని చెయ్యండి. కొందరు వ్యక్తులు నిబంధన మీరారు, వాళ్ళ మీద చర్య తీసుకున్నాం అని రాసి, పేర్లిచ్చి పంపండి. మీ ప్రాజెక్టు నిలబడుతుంది.”

“వేట ఆపిందీ వాళ్ళే, ఒక్కపూట తెరిచిందీ వాళ్ళే సార్. ఖాడీ వాళ్ళదైతే తెరిచే హక్కు కూడా వాళ్ళదేగా?”

“సరే. తెరుద్దామని ఎప్పుడు కూర్చుని అనుకున్నారు?”

ఎవరూ కూర్చోలేదు. చుట్టాలొస్తున్నారు, వల వేశారు, అంతే. ఆ మాటకొస్తే మూసిన రోజు మాత్రం ఎవరు కూర్చున్నారు? సింధూరికి ఒళ్ళు మండింది. కమిటీ మీదో, మావ మీదో, తన మీదో తెలియలేదు. కానీ గురునాథం పేరు ఎలా రాస్తుంది? ఎత్తుకుని ఆడించిన మనిషి. రాయనని అక్కడే చెప్పేసింది.

కాలేజీ రెండు వాక్యాల్లో తేల్చేసింది. ప్రాజెక్టు విఫలం, కాంట్రాక్టు పొడిగింపు లేదు.

సింధూరి నేరుగా పేటకి వెళ్ళి జెట్టీ మీద నిలబడి అరిచింది. “తాడు కోసెయ్యండి! ఎన్ని వలలేసుకుంటారో వేసుకోండి! ఇక మిమ్మల్ని అడిగేవాళ్ళెవరూ లేరు!” గురునాథం తల వంచుకుని వల చిక్కులు తీస్తూ కూర్చున్నాడు. గవరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్ళు కూడా ఎదురు అరిచి ఉంటే ఆమెకి కాస్త హాయిగా ఉండేది.

నెల గడిచింది. కాలేజీ స్టోరు నుంచి ఫోను వచ్చింది. బోయాలు కాలేజీ ఆస్తి, తెచ్చి అప్పజెప్పాలి. ఉద్యోగం ఊడినా చాకిరీ ఊడలేదని తిట్టుకుంటూ సింధూరి ఆటో మాట్లాడుకుని పేటకి వెళ్ళింది.

ఎర్ర బోయాలు జెట్టీ మీద కడిగి, ఆరబెట్టి ఉన్నాయి. చెప్పినట్టే తాడు విప్పేశారన్నమాట. ఖాడీ వైపు చూడకూడదనుకుంటూనే చూసింది.

ఖాడీ మూతికి అడ్డంగా తాడు ఉంది. దానికి పాత నూనె డబ్బాలు, పగిలిన థర్మోకోల్ ముక్కలు, ఎవరిదో చిన్నపిల్లల ప్లాస్టిక్ బంతి వరసగా కట్టి ఉన్నాయి.

“నీ సామాను నువ్వు తీస్కెళ్ళిపో” అంటూ గవరమ్మ వచ్చింది. “మాది మేం కట్టుకున్నాం.”

“నేను తీసెయ్యమన్నాను కదత్తా.”

“ఆ పూట వలేస్తే గదా తెలిసింది, ఏటేటి పెరిగినాయో. నువ్వెల్లినాక పేటంతా కూకున్నాం. రెండు రోజులు కొట్టుకున్నంత పనైంది. మీ మావ ఇంకో వలేద్దారన్నాడు. ఆడోళ్ళం పడనివ్వలే. చలో, ఇంకో రెండేళ్ళు ముట్టుకోవద్దనుకున్నాం.”

సింధూరి ఫోనుతో ఫొటో తీసింది. తరవాత ఎవరికి పంపాలో తోచలేదు. ఇన్నేళ్ళ చదువూ, రాసిన ఆ కాగితాలన్నీ ‘పేటంతా కూకున్నాం’ అన్న ఈ ఒక్క మాట కోసమే. ఇప్పుడు వింటున్నది తను ఒక్కతే.

“ఇదేదో నెల ముందు కూర్చుని అనుకుంటే నా ఉద్యోగం నిలబడేది కదా!”

“నెల ముందు మద్దిన నువ్వున్నావు గదే. నీ మాట కాదనలేక కట్టినాం. అప్పుడది నీ ఖాడీ.” గవరమ్మ బోయాలు రెండు చేతుల్లోకీ ఎత్తుకుని ఆటో వైపు నడిచింది. వెనక సీటు మీద పేర్చాక, మేనకోడలి చెంపలు కొంగుతో తుడిచింది.

“వచ్చే పండక్కి బొట్టెట్టడానికి రా. ఈపాలి చీర కోరుకో.”