మంచం మడత

మాణిక్యాంబ పడుకోగానే మంచం పెరగడం మొదలుపెడుతుంది. పరీక్షలప్పుడు ఇది మామూలేనని ఆమె దిండు సర్దుకుంటుంది.

తెనాలి పద్యనాటకాల్లో ముప్పై ఏళ్లు రాణి వేషాలు కట్టిన మనిషి. ఆమె రాగం తీస్తే జనం వన్స్ మోర్ అని లేచి నిలబడేవారు. ఇప్పుడు ఈ మెడికల్ కాలేజీలో పిల్లల పరీక్షల కోసం రోగి వేషం కడుతోంది. డాక్టరు చదువు చదివే శశాంక్, నర్సింగు చదివే సలోమి, ఫార్మసీ చదివే మస్తాన్ కలిసి ఆమె జబ్బేమిటో గంటలో తేల్చాలి. వేషానికి నియమం ఒకటే, అడిగిందే చెప్పాలి.

శశాంక్ తల దగ్గర నిలబడి ఆయాసం ఎన్నాళ్లనుంచని అడుగుతాడు. మంచం నాలుగు గజాలు సాగుతుంది, దానితోపాటు మాణిక్యాంబ కూడా. మస్తాన్ నడుము దగ్గర మందుల చీటీ తనలో తాను చదువుకుంటాడు. ఇంకో ఆరు గజాలు. సలోమి పాదాల దగ్గరుంది కాబట్టి పాదాలతోపాటు వరండాలోకి వెళ్లిపోతుంది. ఎవరి గోల వారిది, మంచానికి అడ్డూ ఆపూ లేదు.

అరగంటకి వేషంలోని ఆయాసం నిజమవుతుంది. మూడు మాటలకే ఊపిరి అందడం లేదు. పిల్లలు తేల్చకపోతే ఈ ఊపిరితోనే ఇంటికి పోవాలని మాణిక్యాంబకు భయం వేస్తుంది. జబ్బేమిటో ఆమెకు తెలుసు. గుండె నీరసించి కాళ్లకు నీరు దిగినా, బస్సు ప్రయాణాలకు ఇబ్బందని నీరు పోయే మాత్ర మానేసిన మనిషి వేషం అది. నోట్లో నువ్వుగింజ నానని ఆమెకు ఇదేం శిక్షో!

శశాంక్ ఉబ్బసమని రాయబోతున్నాడు.

వరండా చివర సలోమి పాదాన్ని వేలితో నొక్కుతుంది. పడ్డ గుంట పూడదు. కాళ్లకు నీరుంది సార్ అని శశాంక్‌తో అంటుంది. ఆ మాట మోకాలిదాకా నడిచొచ్చి అక్కడ కూలబడుతుంది. మస్తాన్ దాన్ని ఎత్తుకుని తల దగ్గరికి చేరవేస్తాడు.

శశాంక్ కలం ఆగుతుంది. సలోమి చీర మడతపెట్టేటట్టు మంచం రెండు కొసలూ పట్టుకుని, అటు కొసలు అతన్ని పట్టుకోమంటుంది. అతను పుట్టి బుద్ధెరిగాక చీర మడతపెట్టి ఎరుగడు.

"అంచుకి అంచు రావాల శశాంక్. నువ్వూ నడువు, నేనూ నడుస్తా."

మొదటి మడతకు కాళ్లనీరు ఆయాసం పక్కకు చేరుతుంది. రెండో మడతకు మస్తాన్ చీటీలోంచి తలెత్తుతాడు.

"అమ్మా, నీరు పోయే మాత్ర ఏసుకుంటన్నారా?"

"మానేశా నాయనా," అంటుంది మాణిక్యాంబ. అడిగినందుకే ఆమెకు ఏడుపొచ్చేంత సంతోషం.

మూడో మడతకు ముగ్గురి తలలూ ఢీకొంటాయి. గుండె జబ్బని ముగ్గురూ ఒక్కసారే అని, నుదుళ్లు రుద్దుకుంటూ నవ్వుతారు. మంచం మంచమంతే అవుతుంది.

మాణిక్యాంబ లేచి కూర్చుని ఊపిరి పీలుస్తుంది. అందుకు చాలాసేపు పడుతుంది. కిటికీ తెరలన్నీ ఆమె వైపు వంగుతాయి. తరువాత రాగం అందుకుంటుంది.

పాదాల్లోని నీరు కిందికి దిగి, చీర కుచ్చిళ్లు సర్దుకుని నిలబడుతుంది. ఆ నీటిమనిషి అచ్చం మాణిక్యాంబే. నలుగురికీ దణ్ణం పెట్టి, వెళ్లొస్తానని చెప్పి, అడుగుకో ఏడాది వయసు తగ్గుతూ మెట్లు దిగుతుంది. గేటు దగ్గరికి చేరేసరికి ఆరేళ్ల పిల్ల. రాగం ఇంకా తెగలేదు, గేటు దాటి రోడ్డు పొడుగునా పరుచుకుంటోంది. పిల్ల దాని మీద ఒంటికాలితో గెంతుకుంటూ కాలువదాకా వెళ్లిపోతుంది.