సోములమ్మ పేరుతో ధన్యవాదాలు

పెళ్లయి నలభై రోజులు. మెడలో పసుపుతాడు జాకెట్టుకు ఇంకా రంగు అంటిస్తూనే ఉంది. మెట్టెలు నొక్కుతున్నా ఆ నొప్పి కూడా సాయిదుర్గకు ముద్దుగానే ఉంది. పొద్దున్నే భాస్కర్ బండి వెనక కూర్చుని, వలిసెపూల చేల మధ్య నుంచి అరకు వస్తూ, దారిలో ఒక్కటంటే ఒక్కటే మొక్కజొన్న పొత్తు కొనిపించి, ఇద్దరూ చెరోవైపు నుంచి కొరుక్కు తిన్నారు. అలాంటి పిల్లకు మధ్యాహ్నానికల్లా ఒళ్లు మండిపోయింది.

సభ కాఫీ రైతులది. పేరుకు రైతులది. నడిపించేది విశాఖ నుంచి వచ్చిన సర్వేశ్వరరావు. మైకులూ పెద్ద తెరా భాస్కర్‌వి. ఇన్‌స్టా, వాట్సాప్ పని సాయిదుర్గది. "ముందుగానే జనాన్ని కలుపుకోవాలమ్మా. వాళ్ల ప్రశ్నలే తెర మీద నడవాలి" అని సర్వేశ్వరరావే చెప్పాడు. ఆ మాట నమ్మి ఆమె మూడు వారాలు కొండ ఊళ్లు తిరిగింది. సిగ్నల్ ఎక్కడ అందుతుందో కనుక్కుంది. రాయడం రానివాళ్ల చేత వాయిస్ మెసేజ్‌లు పెట్టించింది.

ఆ కొండ ఊళ్లలో కాఫీ పండించే సోములమ్మ తన ప్రశ్న పంపడానికి సిగ్నల్ కోసం మూడుసార్లు గుట్టెక్కింది. మొదటిసారి గాలి హోరు తప్ప ఏమీ వినపడలేదు. రెండోసారి మాట పూర్తికాకుండానే బటన్ మీద నుంచి వేలు తీసేసింది. మూడోసారి వెళ్లింది: "వానలెలిపోయినాక కాఫీ మొక్కలిత్తన్నారు. నాటితే సత్తన్నాయి. మాకు పెంచడం రాదని రాసుకుంటన్నారు. వానలప్పుడే ఎందుకివ్వరు?"

వాళ్ల ఊళ్లో కూటమంటే ఇల్లిల్లూ తిరిగి పిలిచేవాడు బారికి. కూటంలో ఎవరేం చెప్పినా దాన్ని గట్టిగా తిరిగి చెప్పి "ఇదేనా నీ మాట?" అని అడిగేదీ అతనే. అవునంటేనే అది మాట కింద లెక్క. ఇల్లిల్లూ తిరుగుతోందని సాయిదుర్గను కూడా వాళ్లు నవ్వుతూ బారికి అనేవారు. ఆ పిలుపుకు మురిసిపోయి ఆమె భాస్కర్‌కు పదిసార్లు చెప్పుకుంది.

తీరా సభలో తెర మీద సోములమ్మ ఫోటో పడింది. పక్కన పెద్ద అక్షరాలు: "చక్కటి మొక్కలు ఇచ్చిన అధికారులకు ధన్యవాదాలు. ఇట్లు, సోములమ్మ." వేదిక మీద చప్పట్లు. చదువు రాని సోములమ్మ తన బొమ్మ చూసుకుని, లేచి దండం పెట్టింది.

సాయిదుర్గ సర్వేశ్వరరావు దగ్గరికి పరుగెత్తింది.

"ఇదేంటి సార్? ఆవిడన్నది ఇది కాదు!"

"తెర మీద గొడవలెందుకమ్మా? జనం పాల్గొన్నారు, ఫోటోలు పడ్డాయి. ప్రశ్నలు తర్వాత మెయిల్ చేద్దాం."

"జవాబు కోసం మళ్లీ గుట్టెక్కాలా వాళ్లు?"

"కొత్త పెళ్లికూతురివి. హాయిగా రీల్స్ తీసుకోక నీకెందుకివన్నీ?"

భాస్కర్ ఆమె చెయ్యి పట్టి లాగాడు. "ఒసే, ఇప్పుడొద్దే. వచ్చే నెల మారేడుమిల్లి సభ కూడా ఈయనదే."

ఆమె చెయ్యి విదిలించుకుంది. ఇంతలో సోములమ్మ వెలిగిపోతున్న ముఖంతో వచ్చింది. "గుంటా, నా పశ్న పడిందేటి? అందరూ సప్పట్లు కొట్టినారు. పెద్దసారేటన్నాడు?"

ఆ ముఖం చూసి అబద్ధం చెప్పడం సాయిదుర్గ వల్ల కాలేదు. వేదిక పక్కనున్న మైకు లాక్కుంది.

"సోములమ్మత్తా! మంచి మొక్కలిచ్చారని నువ్వు దండం పెట్టినట్టు అక్కడ రాశారు. ఇదేనా నీ మాట?"

సోములమ్మ ముఖం నల్లబడింది.

"కాదు!"

తెర మీద బొమ్మ మారింది. "ఫల్గుణ బాబాయ్, మీ ఊళ్లో ఏ లోటూ లేదని నీ పేరు మీద ఉంది. ఇదేనా నీ మాట?"

"నానెప్పుడన్నాను? పండు తొక్క తీసే మిసను రెండేళ్లై మూలనడిందని కదేటి అన్నాను!"

మైకు ఆగిపోయింది. ఆమె వెనక్కి తిరిగింది. స్విచ్చి మీద భాస్కర్ చెయ్యి ఉంది. పక్కన సర్వేశ్వరరావు. భాస్కర్ తల దించుకున్నాడు. ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఏడుపుతో కాదు. మైకు కింద పడేసి గొంతెత్తి అరిచింది. "ఇంకెవరి మాట కాదు?"

"నాది కాదు!" "మా ఊరిది కాదు!" వరస తర్వాత వరస లేచింది.

వేదిక మీదున్న మొక్కల పంపిణీ అధికారి లేచి నిలబడ్డాడు. "మరి మీ మాట ఏమిటమ్మా?"

సోములమ్మ చెప్పింది. గుట్ట మీద చెప్పిన మాటే, అక్షరం పోకుండా.

"పరిశీలిస్తాం."

"ఏ నెల, బాబూ?"

"చూసి చెప్తాం."

"నువ్వు సూసినాక వానెలిపోద్ది. నెల సెప్పు."

హాల్లో ఒక్కరూ కూర్చోలేదు. అధికారి అటూ ఇటూ చూశాడు. "సరే, జూన్" అన్నాడు. సాయిదుర్గ తెరను నడిపే ల్యాప్‌టాప్ లాక్కుని ధన్యవాదాలు చెరిపేసింది. జూన్‌లో కాఫీ మొక్కలు ఇస్తామన్న మాట, కింద ఆయన పేరు, తెర మీద పెట్టింది. ఫోన్లన్నీ పైకి లేచాయి.

"నీకింక ఏ సభలోనూ పనుండదు" అన్నాడు సర్వేశ్వరరావు పళ్లు కొరుకుతూ.

"అనని మాటలు అతికించే పనేగా. మీరే ఉంచుకోండి."

బయట భాస్కర్ వైర్లు చుడుతున్నాడు. "అన్నానికి రావే."

"మైకు కట్టేసింది నువ్వే కదా?"

"ఆయన అరిసీసరికి సెయ్యి దానంతటదే ఎల్లిపోనాది."

"అయితే ఆ చేత్తోనే ఒక్కడివీ తిను. ఇవాళ నీ బండెక్కను."

ఆడవాళ్ల జీపులో ఎక్కి కూర్చుంది. సోములమ్మ జరిగి చోటిచ్చింది. "కొత్త మొగుడు మీద ఇంత కోపమేటే?"

"నీకు రాలేదా అత్తా?"

"రాకపోడమేటి! ఇంకా తగ్గనేదు."

జీపు కదిలింది. వెనకాల భాస్కర్ బండి హారన్ కొడుతూ వస్తోంది. సాయిదుర్గ తల తిప్పలేదు. చూస్తే నవ్వొచ్చేస్తుందని ఆమెకు తెలుసు. ఇవాళ నవ్వడం ఆమెకు ఇష్టం లేదు.