బల్లమీద వదిలేసిన హెడ్‌ఫోన్లు

ఒలిందా చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తుండగా స్నానాలగదిలోంచి భర్త ఫెర్మీన్ కేకేశాడు.

"ఒలిందా, బ్రెజిల్ వాళ్ల ఉత్తరానికి జవాబు అయిందా?"

అయిందంది. నిన్న సాయంత్రం అత్తగారి మోకాలికి మందు రాసి, గిన్నెలు తోమి, భోజనాల బల్ల తుడిచి, ఆ తడి ఆరకముందే కూర్చుని రాసింది. స్పానిష్, పోర్చుగీసు మాట్లాడే దేశాల పెద్దలంతా వచ్చే నెల తామున్న స్పెయిన్ ఊరు సలమాంకాలోనే సమావేశమవుతున్నారు. ఆ ఏర్పాట్లు చూసే కార్యాలయంలో ఫెర్మీన్ ఉద్యోగం. పోర్చుగీసులో వచ్చిన ప్రతి కాగితం అతని సంచిలో ఇంటికొస్తుంది. మర్నాడు జవాబు అతని సంతకంతో వెళ్తుంది. ఫెర్మీన్‌కి పోర్చుగీసు కొట్టిన పిండి అని పై అధికారి నలుగురిలో మెచ్చుకున్నాడట. ఆ మాట అతనే నవ్వుతూ చెప్పాడు, ఇంకో గరిటె పప్పు వడ్డించమని పళ్లెం ముందుకు జరుపుతూ.

ఒలిందా పుట్టిల్లు సరిహద్దుకు అవతల, పోర్చుగల్‌లోని గ్వార్దా. రైల్లో ఎంతో దూరం కాదు. పెళ్లయి వచ్చిన ఏడాదికే అతని భాష ఆమెకి పట్టుబడింది. పదహారేళ్లలో ఆమె భాషలో అతను నేర్చుకున్నవి రెండే మాటలు, రెండూ తిండి పేర్లే. కూతురు నురియా ఉయ్యాల్లో ఉన్నప్పుడు ఓసారి తనకి వచ్చిన జోలపాట ఏదో పాడుతుంటే అత్తగారు యులాలియా గుమ్మంలో నిలబడి, "క్రైస్తవుల్లా మాట్లాడమ్మాయ్, పిల్ల దడుచుకుంటుంది" అంది. ఆవిడ లెక్కలో క్రైస్తవుల మాటంటే స్పానిషే. ఇల్లంతా నవ్వింది. ఒలిందా కూడా నవ్వింది. ఎందుకు నవ్వానా అని తర్వాత చాలా ఏళ్లు అనుకుంది. అప్పట్నుంచీ ఆ భాష ఆదివారాలకే మిగిలింది. వంటింటి తలుపు మూసుకుని, బంగాళాదుంపలు చెక్కు తీస్తూ, అమ్మతో ఫోనులో. నురియా అక్కడే బల్ల దగ్గర హోంవర్కు చేసుకుంటుండేది.

పదింటికి ఫెర్మీన్ ఫోను చేశాడు. "ఫైలు మర్చిపోయాను. పరిగెత్తుకుని రా. నువ్వింట్లో ఖాళీయేగా."

పొయ్యి కట్టేసి బయల్దేరింది. సన్నాహక సమావేశం జరుగుతున్న హాల్లో గోడ పక్కన నిలబడి అతనికోసం చూస్తుంటే ఒక సంగతి కంటబడింది. స్పెయిన్ ఆయన మాట్లాడుతున్నంతసేపూ పోర్చుగీసు వాళ్లు చేతులు కట్టుకుని మామూలుగా వింటున్నారు. అనువాదం వినిపించే వాళ్ల హెడ్‌ఫోన్లు బల్లమీదే పడున్నాయి. పోర్చుగీసు ఆవిడ నోరు తెరిచిందో లేదో, ఇవతల స్పెయిన్ వాళ్ల వరసంతా హెడ్‌ఫోన్ల కోసం తడుముకుంది. మా భాష నేర్చుకునే అవసరం వీళ్లకెప్పుడూ రాలేదు, అనుకుంది ఒలిందా. వీళ్లది నేర్చుకోకుండా ఉండే వీలు మాకెప్పుడూ దొరకలేదు.

విరామంలో ఆ పోర్చుగీసు ఆవిడే వచ్చి తమ భాషలో పలకరించింది. పేరు ఫిలొమెనా, లిస్బన్ నుంచి వచ్చిందట. "ఒలిందా మీరేనా? ఫెర్మీన్ గారి భార్యది గ్వార్దా అని విన్నప్పుడే అనుకున్నాను, ఆ ఉత్తరాలు మీరు రాసినవేగా? సరిహద్దు ఊళ్ల పలుకు ఎక్కడికి పోతుంది! సమావేశం ప్రకటన పోర్చుగీసు ప్రతిని సరిచూడ్డానికి మనిషి కావాలి, మూడు వారాల పని, జీతం ఉంటుంది, మిమ్మల్ని పంపమని పోయిన వారమే మీ ఆయనతో చెప్పాను. పెద్దావిణ్ణి వదిలి రానన్నారట కదా?"

 ఒలిందా నోటివెంట జవాబు స్పానిష్‌లోనే వచ్చింది. "నన్నెవరూ అడగలేదండీ."

సొంత భాషలో అడిగితే పరాయి భాషలో జవాబు చెప్పానని అన్నాక తెలిసి, చెవులు కాలిపోయాయి. ఫిలొమెనా ఆమె చేతిమీద చెయ్యి వేసింది. "రేపు తొమ్మిదింటిదాకా చూస్తాను. తర్వాత ఇంకెవర్నైనా పెట్టుకోక తప్పదు."

ఫైలు అందుకుంటూ ఫెర్మీన్, "ఆవిడతో ఏమిటి కబుర్లు?" అన్నాడు. జవాబు కోసం ఆగలేదు.

మధ్యాహ్నం మూడింటికి భోజనాల దగ్గర నలుగురూ కూర్చున్నారు. చోరిసో, అంటే పంది మాంసపు సాసేజి, ముక్కలు వేసిన పప్పు. ఒలిందాకి పోట్లాడే ఓపిక లేదు, అడిగే ఓపిక అంతకన్నా లేదు. నన్నడక్కుండా రానని ఎలా చెప్పావని నిలదీయాలన్నా, అది మళ్లీ అతని భాషలోనే నిలదీయాలి.

"పప్పులో ఉప్పు తగ్గింది" అన్నాడు ఫెర్మీన్.

ఒలిందా గరిటె గిన్నెలో పెట్టి, తన భాషలో చెప్పింది. రెండే వాక్యాలు, తొందరపడకుండా.

"మళ్లీ మొదలెట్టిందిరా! క్రైస్తవుల్లా మాట్లాడమను" అంది యులాలియా.

ఫెర్మీన్ చెంచా గాల్లోనే ఆగింది. "ఏమన్నావ్?"

ఆమె నీళ్లు తాగింది. అతను చుట్టూ చూశాడు, పొద్దున హాల్లో వాళ్లు హెడ్‌ఫోన్ల కోసం తడుముకున్నట్టు. చివరికి కూతురి వైపు తిరిగాడు. "మీ అమ్మ ఏమంటోందే?"

నురియా రొట్టె ముక్క నములుతూనే చెప్పింది.

"రేపు తొమ్మిదింటికి పనిలో చేరుతుందట. పప్పు నువ్వే వండుకోవాలట నాన్నా, ఉప్పు నీకు కావలసినంత వేసుకోమంది."