మాట దారిలో ఉంది

ఆ రోజు ఇంట్లో ఉన్నది వీళ్లు. బస్టాండు విచారణ కిటికీ దగ్గర పనిచేసే నాన్న, తన వారపు సెలవు కాబట్టి చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. అమ్మ పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని కుట్టుమిషను తొక్కుతోంది. టీ వాసన ఎక్కడుంటే అక్కడ తేలే బాబాయి, గ్లాసుతో గోడకానుకుని కూర్చున్నాడు. ముందుగదిలో కుర్చీలో ప్రకటనలు తీసే కంపెనీ మనిషి, ఆయన ఎదురుగా ఇస్త్రీ బట్టల్లో అక్క. వంటింటి గుమ్మం పక్కన, ఎవరి కంటా పడకుండా, చెల్లెలు. అడుగు చప్పుడైనా వినపడదని ఆమెను అందరూ పిల్లి అంటారు.

కొత్తవాళ్ల ముందు పిల్లికి గొంతు పట్టేస్తుంది. చిన్నప్పుడు ఒకసారి అలాగే చిక్కుకుపోయి, నాన్న పొద్దస్తమానం ప్రయాణికులకు చెప్పే 'ఆగండి, బస్సు దారిలో ఉంది' అనే జవాబును తనకు తగ్గట్టు మార్చుకుని, "ఆగండి, మాట దారిలో ఉంది" అంది. అందరూ నవ్వారు, కానీ ఆగారు. అప్పట్నుంచీ ఆ ముక్కే ఆమెకు ఊతకర్ర. అది అనేస్తే ఎదుటివాళ్లు తొందరపెట్టరు. వెనకాలే అసలు మాట మెల్లగా వస్తుంది.

అక్కకు ఎవరి గొంతైనా ఇట్టే పట్టుబడుతుంది. ఫోన్లో సరదా వీడియోలు చేసి పెడుతుంది. ఒకదాంట్లో, ఆలస్యంగా ఇల్లు చేరి పెళ్లాం ముందు నీళ్లు నమిలే మొగుడి వేషం కట్టింది. చెల్లెలి గొంతుతో, అచ్చం ఆమెలాగే కళ్లు పైకెత్తి, ఆ ముక్క అంది. అంతే, ఆ మాట ఊరంతా గుప్పుమంది. కూరగాయలమ్మి చిల్లర వెతుక్కుంటూ అదే అంది. ఆటోల వెనక అదే రాయించుకున్నారు. మంగలి షాపులో అద్దం మీదా అదే. పిల్లి మొదట్లో మురిసిపోయింది కూడా.

నిన్న బడిలో ఏడాది చివరి నోటి పరీక్ష. ఈమధ్యే వచ్చిన కొత్త టీచరు అడిగినదానికి జవాబు తెలుసు. గొంతు పట్టేసింది. అలవాటు కొద్దీ ఆ ముక్క అనేసింది. తరగతంతా విరగబడి నవ్వింది.

"నాతోనే వెటకారమా? బయటికి నడు!" అంది టీచరు.

ఏడుస్తూ అది తన మాటేనని చెప్పినా నమ్మలేదు. "అది మీ అక్కదని ఊరంతా తెలుసు. రేపటిలోగా ఆ అమ్మాయినే వచ్చి చెప్పమను, అప్పుడు మళ్లీ పరీక్ష పెడతాను" అంది.

సాయంత్రం అక్క పిల్లి కళ్లు తుడిచి, "నేనొస్తాలేవే, రేపే వెళ్దాం" అంది.

ఆ రేపు ఇవాళే. బడివేళ దాటిపోతోంది. అక్క కుర్చీలోంచి లేవడం లేదు.

"ఇంతకీ ఆ మాట ఎలా పుట్టిందమ్మా?" అని అడిగాడు కంపెనీ మనిషి. "సొంత మాట అయితేనే ప్రకటనలో పెట్టడానికి మావాళ్లు ఒప్పుకుంటారు."

పిల్లి గుమ్మం పక్కనుంచి తల బయటపెట్టింది.

"అదా సార్! ఓ రోజు బట్టలుతుకుతుంటే నోట్లోంచి ఊడిపడింది."

"అదేంటే, అది మన పిల్లి కదూ..." అన్నాడు బాబాయి.

"బాబాయ్, నీ టీ చల్లారిపోతోంది."

బాబాయి మూతి గ్లాసులో ముంచేశాడు. నాన్న గోడవైపు ఒత్తిగిలాడు. అమ్మ మిషను ఆపింది గానీ, నోట్లో సూదులు తియ్యలేదు.

వీధి రొద లేని లోపలి గదిలో గొంతు రికార్డు చేద్దామని ఆ మనిషి లేచాడు. వెనకే వెళ్తున్న అక్క చెయ్యి పట్టుకుంది పిల్లి.

"అక్కా, బడికొస్తానన్నావు."

"ఇప్పుడెలా కుదురుతుందే?" అక్క గొంతు తగ్గించింది. "అక్కడ చెబితే సాయంత్రానికి ఈయన చెవినా పడుతుంది. ఇక నన్నెవరు పిలుస్తారు?"

"మరి నా పరీక్ష?"

"వచ్చే ఏడాది ఇచ్చుకుందువులే. నాకిలాంటిది మళ్లీ వస్తుందా?"

"నువ్వే వాడుకో అక్కా, నాకేం వద్దు. నేను ఎగతాళి చెయ్యలేదని, అది నా మాటేనని, ఆ టీచరొక్కరికి చెప్పు."

ఎక్కడా తడబడలేదు పిల్లి. అక్క ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది.

"ఎవరమ్మా అక్కడ?" అన్నాడు లోపల్నుంచి ఆ మనిషి.

"ఎవరూ లేరు సార్, మా చెల్లెలే. పాపం, దానికి మాట్లాడటం సరిగ్గా రాదు."

నవ్వుతూనే చెప్పి, చెయ్యి విడిపించుకుని, అక్క తలుపు మూసేసింది.