రెండో జారుడుబల్ల

నేను ఒక జారుడుబల్లని. చీరాలలో వెల్డింగు పని చేసే మస్తాన్ వలీ నన్ను తయారుచేశాడు. ఇనుప రేకు వంచి, మెట్లు అతికించి, అంచులన్నీ ఆకురాయితో అరగదీశాక, తన అరచేతిని పైనుంచి కిందిదాకా నాలుగుసార్లు జార్చి చూసుకున్నాడు. "పసిపిల్లల తొడలు కదా, గీసుకుపోతాయి" అన్నాడు పక్కవాడితో. తర్వాత ఎందరో పెద్దమనుషులు నా ముందు నిలబడి ఫొటోలు దిగారు గానీ, పిల్లల తొడల గురించి ఆలోచించినవాడు అతనొక్కడే.

నన్ను దింపిన చోటు ఉప్పు మళ్ళ పక్కనున్న కూలీల పేట. అక్కడి ఆడవాళ్ళు తెల్లారకముందే మళ్ళలోకి దిగుతారు. పసివాళ్ళని గట్టు మీద గోనెపట్టా నీడన పడుకోబెట్టాలి, లేదా ఇంట్లో పెద్దపిల్లకి అప్పజెప్పాలి. పట్నంలోని ఒక ట్రస్టు పేట మహిళా సంఘానికి రెండేళ్ళ గ్రాంటు ఇచ్చింది. దాంతో ఒక రేకుల గది బాలవాడి అయింది. పేటలోనే పది పాసైన సువార్త టీచరైంది. వాకిట్లో నేను నిలబడ్డాను. నా మెట్ల పక్కన ట్రస్టు పేరు రాశారు. ఆ అక్షరాలు నా మీద ఎక్కే పిల్లలకంటే పెద్దవి.

మొదటి రోజే దీనమ్మ అనే ఎనిమిదేళ్ళ పిల్ల, ఇంకా నడక రాని తమ్ముడు ఏలియాని చంకనేసుకొని వచ్చింది. వాణ్ణి దించి, అక్కడే నిలబడిపోయింది.

"ఇంకా ఏం చూస్తన్నావే? వాడు నా దగ్గరుంటాడు. నువ్వు బడికి పో" అంది సువార్త.

"నిజంగా పోనా టీచర్?"

"పో అంటన్నాగా!"

బడి రోడ్డుకి అవతలే. ఆ పిల్ల రెండు వైపులా చూడకుండా పరిగెత్తింది.

ఆ రెండేళ్ళూ నా రేకు మీద రంగు నిలవలేదు. ఏలియా నా మెట్లు పట్టుకునే నడక నేర్చాడు. పాటలు నేర్చాడు. మధ్యాహ్నం అన్నంలోకి గుడ్డు పెడితే సొన తీసి అక్క కోసం జేబులో దాచేవాడు. దీనమ్మ బడి వరండాలో కూర్చొని గట్టిగా ఎక్కాలు చదువుతుంటే నాకు వినిపించేది.

గ్రాంటు గడువు తీరింది. ఇకమీదట జీతాలకీ భోజనాలకీ ఇవ్వలేమని, వస్తువులేమైనా కావాలంటే రాయమని ఉత్తరం వచ్చింది. "వస్తువులు పిల్లల ముక్కు తుడుస్తాయా?" అంది సువార్త. అయినా ఓపిగ్గా జవాబు రాసింది: పిల్లల దగ్గర ఒక మనిషి ఉండాలి, ఆ మనిషికి జీతం ఇప్పించండి అని. ఆర్నెల్లు జీతం లేకుండానే నడిపింది. తల్లులు ఇంటికో గుప్పెడు బియ్యం తెచ్చేవాళ్ళు. ఆమె భర్త మంచాన పడ్డాక, గదికి తాళం వేసి తనూ ఉప్పు మళ్ళలోకి దిగింది.

దీనమ్మ బడి మానేసింది.

తాళం పడిన నెలకి ట్రస్టు పంపిన వ్యాను వచ్చింది. అందులోంచి ఏనుగు తొండంలా వంగిన, ఎర్రటి ప్లాస్టిక్ జారుడుబల్లని దించి నా పక్కన పెట్టారు. సువార్త ఉత్తరానికి అదే జవాబు.

వారం తిరిగాక ట్రస్టువాళ్ళు చూడ్డానికి వచ్చారు. తాళం తీయించి, మళ్ళలోంచి పిల్లల్ని పిలిపించారు. సువార్త ఉప్పు కాళ్ళతోనే వచ్చి వాళ్ళ పక్కన నిలబడింది. ఒకావిడ దీనమ్మ గడ్డం పట్టుకుని, "ఏం చదువుతున్నావమ్మా?" అని అడిగింది.

"తమ్ముణ్ణి చూసుకుంటన్నానండీ."

"మంచి పిల్ల" అని ఆవిడ మెచ్చుకుంది. ఫొటో తీశారు.

కారు వెళ్ళిపోయాక సువార్త గదికి మళ్ళీ తాళం వేసింది. తర్వాత దీనమ్మ వైపు తిరిగింది. "రేపట్నించి వీణ్ణి నాతో మళ్ళలోకి తీసకపోతా. నువ్వు బడికి పోవే."

"మేస్త్రి ఏమన్నా అంటే?"

"నేను చెప్పుకుంటాలే."

నాలుగు రోజులు దీనమ్మ బడికి వెళ్ళింది. ఐదో రోజు ఏలియా గట్టు దిగి మడిలో పడ్డాడు. ఉప్పునీళ్ళు కళ్ళల్లోకి పోయి ఒకటే ఏడుపు. నడిచే బిడ్డతో వచ్చేదైతే పనిలోకి రావద్దన్నాడు మేస్త్రి. సువార్త వాణ్ణి భుజానేసుకొని రోడ్డు దాటి, బడి వరండా ముందు ఆగింది. దీనమ్మ పలక మీద ఏదో రాస్తోంది. తల ఎత్తి, ఇద్దర్నీ చూసింది.

"ఈ లెక్క ఒక్కటి చేసి వస్తా టీచర్."

"చెయ్యమ్మా. నిదానంగా చెయ్యి" అంది సువార్త. ఏడుస్తున్న ఏలియా వీపు నిమురుతూ ఎండలోనే నిలబడింది.

దీనమ్మ ఒకసారి చెరిపి, మళ్ళీ రాసింది. పలక తీసుకెళ్ళి పంతులుగారి బల్ల మీద పెట్టింది. మెట్లు దిగి వచ్చి తమ్ముడి కోసం చేతులు చాపింది.

"అయిపోయింది టీచర్" అంది.